పాత ఫాంటు కన్వర్టర్‌ని జనం చేతికి ఇవ్వాలి: ప్యాకేజింగ్‌కీ రిలీజ్‌కీ ఏ టూల్స్ పట్టుకుందాం?

పెన్నాగట్టు | నెల్లూరు

అన్నలకీ అక్కలకీ నమస్తే. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును యూనికోడ్‌లోకి (ఏ ఫోన్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) మార్చే చిన్న ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. కోడ్ మొత్తం జీపీఎల్ లైసెన్సుతో (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు) గిట్‌హబ్ సైట్లో ఉంది. మా ట్రంకు రోడ్డు చుట్టుపక్కల షాపుల్లో శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఆహ్వానాలు ఏళ్ల తరబడి ఆ ఫాంట్లలోనే పడున్నాయి. వాట్సాప్‌లో పంపాలన్నా, వెబ్‌సైట్లో పెట్టాలన్నా మళ్లీ మొదటి నుంచి టైపు కొట్టుకుంటున్నారు. ఆ చాకిరీ తప్పించాలనే ఇది మొదలుపెట్టా.

ప్రోగ్రామ్ పని చేస్తోంది. ఇబ్బందంతా దాన్ని పంచడంలోనే. ప్రతి వెర్షన్‌కీ నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి (కోడ్‌ని నడిచే ఫైలుగా కట్టి), జిప్ కట్టి, లింకు పంపుతున్నా. ఏ షాపులో ఏ వెర్షన్ ఉందో తెలియదు. ఎవరైనా ఫోన్ చేసి "ఒత్తులు తప్పు పడుతున్నాయబ్బా" అంటే, అది పోయిన నెల సరిచేసిందేనా, కొత్త తప్పా అని తేల్చేసరికే పొద్దుపోతోంది. కోడ్‌ని ప్యాక్ చేసి పంచే దారి వెతికితే పైఇన్‌స్టాలర్, న్యూట్కా, బ్రీఫ్‌కేస్, పొయెట్రీ, యూవీ, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్... పేర్లే పేర్లు.

విండోస్ షాపులకి ఒక ఇన్‌స్టాలర్ కావాలి. లైనక్స్ వాళ్లకీ ఏదో ఒక దారి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నేను ఊళ్లో లేకపోయినా ఇంకొకరు రిలీజ్ చేయగలగాలి. ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి?

ఒంగోలుగిత్త | ఒంగోలు, ఉద్యోగం బెంగళూరు

తమ్ముడూ, మంచి పని పెట్టుకున్నావు. టూల్ పేర్లు కాసేపు పక్కన పెట్టి ముందు ఆ షాపుల సంగతి చెప్పు. సిస్టంలో ఏ విండోస్ ఉంది? 32 బిట్టా, 64 బిట్టా? అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర ఉంటుందా, సిస్టం బాగుచేసే కుర్రాడి దగ్గర ఉంటుందా? నెట్టు ఉందా, పెన్ డ్రైవే దిక్కా? ఇవి తేలితే నువ్వు రాసిన పేర్లలో సగం వాటంతటవే రాలిపోతాయి. మా ఆఫీసులో నా పనే రిలీజులు. టూల్ ముందు ఎంచుకుని, వాడేవాళ్ల సంగతి తర్వాత చూసుకున్న ప్రతిచోటా పని రెండింతలైంది.

ట్రంకురోడ్డు_డీటీపీ | నెల్లూరు

నాకు కోడింగ్ రాదు, ఆ ప్రోగ్రామ్ వాడేవాణ్ణి. కాబట్టి నేనే చెప్తా. మా షాపులో రెండు సిస్టాలు విండోస్ 7, 32 బిట్. పేజ్‌మేకర్, పాత ఫాంట్లు, పాత ప్రింటర్ అన్నీ వాటిలోనే కుదురుకున్నాయి. వాటిని కదిలిస్తే పెళ్లిళ్ల సీజన్లో షాపు మూసుకోవాల్సిందే. ఇంకోటి విండోస్ 10. నెట్టంటే నా ఫోన్ హాట్‌స్పాటే. పాస్‌వర్డ్ సర్వీసు కుర్రాడికే తెలుసు.

పోయినసారి పెన్నాగట్టు అబ్బాయి ఇచ్చిన ఫైలు డబుల్ క్లిక్ చేస్తే విండోస్ 10 సిస్టంలో నీలం డబ్బా వచ్చింది. దాంట్లో 'డోంట్ రన్' అని ఒకటే బటన్. 'మోర్ ఇన్ఫో' అన్న చిన్న అక్షరాల మీద నొక్కితేనే కింద 'రన్ ఎనీవే' కనపడుతుందని ఆ అబ్బాయి ఫోన్లో చెప్తే తెలిసింది. ఈలోపు మా వర్కరు అది వైరస్ అనుకుని ఫైలే తీసేశాడు. పక్క షాపులో యాంటీవైరస్ దానంతటదే తీసేసిందంట.

మీరు ఏ టూల్ వాడినా నాకు ఒకటే. పెన్ డ్రైవ్‌లో తెస్తే నొక్కంగానే ఎక్కాలి. పాతది దానంతటదే పోవాలి. వెర్షన్ నంబరు తెర మీద పెద్దగా కనపడాలి. ఇంకోమాట, రొట్టెల పండగ ఫ్లెక్సీల రోజుల్లో, శ్రావణమాసం ముహూర్తాల్లో కొత్త వెర్షన్ పంపొద్దు. అప్పుడు ఏది మారినా మాకు ప్రాణం మీదికొస్తుంది.

ఒంగోలుగిత్త

అన్నా, మీరు రాసిందే స్పెసిఫికేషన్. దీని మీదే కట్టుకుంటూ పోదాం.

విండోస్ 7 కాబట్టి పైథాన్ 3.8 దగ్గర ఆగాలి. 3.9 నుంచి విండోస్ 7లో ఎక్కదు. 3.8కి కూడా 2024 అక్టోబరుతో మద్దతు అయిపోయింది. నెట్టు జోలికి పోకుండా, ఒక ఫైలు చదివి ఇంకో ఫైలు రాసే ప్రోగ్రామ్ కాబట్టి ఈ పాత సిస్టాల వరకు ఒప్పుకోవచ్చు. విండోస్ 10, 11 వాళ్లకి మాత్రం కొత్త పైథాన్‌తో వేరే బిల్డ్ ఇవ్వు. తెర (బటన్లు, కిటికీలు) ఏ లైబ్రరీతో కట్టావు? టికింటర్ అయితే బాధలేదు. క్యూట్ 6 అయితే విండోస్ 7లో నడవదు, 5.15కి దిగాలి.

ప్యాక్ చేయడానికి పైఇన్‌స్టాలర్ చాలు. పైథాన్‌నీ లైబ్రరీలనీ కలిపి ఫోల్డర్‌గా ఇస్తుంది, లేదంటే ఒకే ఫైలుగా ఇస్తుంది. ఒకే ఫైలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, నడిపిన ప్రతిసారీ లోపలున్నదంతా టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుని మొదలవుతుంది. పాత హార్డ్ డిస్క్ మీద తెర రావడానికే చాలాసేపు పడుతుంది. పైగా తనను తాను విప్పుకునే ఫైలంటే యాంటీవైరస్‌లకి అనుమానం. అందుకే ఫోల్డర్ పద్ధతి పెట్టు. యూపీఎక్స్‌తో కుదించే ఆప్షన్ ఆపెయ్. దాంతో కొన్ని ఎంబీలు తగ్గుతాయి గానీ అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతి, పైఇన్‌స్టాలర్ ఏ సిస్టం మీద నడిపితే ఆ సిస్టానికే ఫైలు ఇస్తుంది. లైనక్స్‌లో కూర్చుని విండోస్ బిల్డ్ తీయలేవు. 32 బిట్ కావాలంటే 32 బిట్ పైథాన్‌తోనే తీయాలి. న్యూట్కా పైథాన్‌ని సీలోకి మార్చి కంపైల్ చేస్తుంది. మంచి టూలే, కానీ బిల్డ్‌కి ఎక్కువసేపు పడుతుంది, నీ పనికి అంత వేగం అక్కర్లేదు.

ఆ ఫోల్డర్‌ని ఇన్నో సెటప్‌తో ఇన్‌స్టాలర్‌గా కట్టు. 1997 నుంచి ఉన్న టూల్, స్క్రిప్టు ఒక పేజీకి మించదు. అందులో 'ప్రివిలెజెస్ రిక్వయిర్డ్' దగ్గర 'లోయెస్ట్' అని రాస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అడక్కుండా ఆ యూజర్ ఫోల్డర్‌లోనే ఎక్కుతుంది. 'యాప్ ఐడీ' ఒకసారి పెట్టాక ఎప్పటికీ మార్చకు. అప్పుడే కొత్తది పాతదాని మీద ఎక్కుతుంది, కంట్రోల్ ప్యానెల్‌లో రెండు పేర్లు కనపడవు. డీటీపీ అన్న అడిగింది అదే కదా.

చీమకుర్తి_గెలాక్సీ | చీమకుర్తి

నాదొక మాట. పైథాన్ ప్యాకింగ్‌తో ఇంత కుస్తీ ఎందుకు? క్వారీల్లో గ్రానైట్ బ్లాకుల కొలతలు రాసుకునే ప్రోగ్రామ్ ఒకటి నేను గో అనే భాషలో రాశా. పొడవు, వెడల్పు, ఎత్తు కొడితే అలవెన్సు తీసేసి క్యూబిక్ మీటర్లు లెక్కగట్టి పట్టీ ఇస్తుంది. విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటికీ నా లైనక్స్ ల్యాప్‌టాప్ నుంచే ఫైళ్లు వస్తాయి. గోరిలీజర్ అనే రిలీజ్ టూల్‌కి ఒక యామల్ (సెట్టింగుల) ఫైలు రాసిపెట్టా. ట్యాగ్ కొడితే (కోడ్ మీద వెర్షన్ గుర్తు పెడితే) ఫైళ్లు, చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని సరిచూసుకునే గుర్తులు), లైనక్స్‌కి డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు, రిలీజ్ పేజీ అన్నీ అదే తయారు చేస్తుంది. కన్వర్టర్‌ని గోలోకి మార్చేస్తే ఈ చర్చే ఉండదు.

పెన్నాగట్టు

అన్నా, ఆ ఫైళ్లు విండోస్ 7లో నడుస్తాయా?

చీమకుర్తి_గెలాక్సీ

గో 1.20 దాకా నడుస్తాయి. 1.21 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. మా క్వారీల్లో కొత్త ల్యాప్‌టాప్‌లే కాబట్టి నాకు ఆ అవసరం పడలేదు.

డెబియన్_కావలి | కావలి

అంటే భాష మార్చినా ఆ పాత విండోస్ గొడవ తీరదు. పాత వెర్షన్ దగ్గర ఆగిపోవడం పైథాన్‌కీ గోకీ సమానమే. ప్యాకింగ్ కష్టంగా ఉందని పనిచేస్తున్న కోడ్‌ని తిరగరాయడం ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే. గోరిలీజర్ అద్భుతమైన టూల్, గోలో రాసినవాళ్లు కళ్లు మూసుకుని వాడొచ్చు. ఈ అబ్బాయి అవసరం అది కాదు.

లైనక్స్ వైపు నేను చెప్తాను, మా కాలేజీలో ల్యాబ్ చూసేది నేనే. ముందు పైపీఐలో (పైథాన్ ప్యాకేజీల భాండాగారం) పెట్టండి. 'పైపీఎక్స్ ఇన్‌స్టాల్' అని ఒక్క లైను కొడితే మిగతా లైబ్రరీలతో కలవకుండా విడిగా ఎక్కుతుంది. డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) 12 నుంచి సిస్టం పైథాన్‌లోకి నేరుగా పిప్‌తో (పైథాన్ మామూలు ఇన్‌స్టాల్ కమాండు) ఎక్కించబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని ఆపేస్తుంది. కాబట్టి రీడ్‌మీలో పిప్ అని రాయకండి, పైపీఎక్స్ అనే రాయండి.

డెబ్ కావాలంటే రెండు దారులున్నాయి. ఎన్ఎఫ్‌పీఎం, ఎఫ్‌పీఎం లాంటివి ఒక ఫోల్డర్‌ని అప్పటికప్పుడు డెబ్‌గా కట్టిస్తాయి. మీ రిలీజ్ పేజీలో పెట్టుకోవడానికి అది చాలు. డెబియన్ భాండాగారంలోకే వెళ్లాలంటే కంట్రోల్, రూల్స్, ఛేంజ్‌లాగ్, కాపీరైట్ ఫైళ్లన్నీ డెబియన్ పాలసీ ప్రకారం రాయాలి, లింటియన్ అనే తనిఖీ టూల్ ఎత్తి చూపినవన్నీ సరిచేయాలి, అప్పుడు ఒక డెబియన్ డెవలపర్ చూసి ఎక్కించాలి. ఆ పని మీరు నెత్తిన వేసుకోనక్కర్లేదు. మీ మూలం శుభ్రంగా ఉంటే ఇంకొకరు చేస్తారు. శుభ్రం అంటే ఏ ఫైలుకి ఏ లైసెన్సో తెలియాలి, నెట్టు లేకుండా బిల్డ్, టెస్టులు నడవాలి, ప్రతి వెర్షన్‌కీ ట్యాగ్ ఉండాలి.

ఫాంట్ల దగ్గర జాగ్రత్త. పాత డీటీపీ ఫాంట్లు కంపెనీల సొత్తు, వాటిని ఇన్‌స్టాలర్‌లో పొరపాటున కూడా పెట్టకండి. పోతన, వేమన లాంటి యూనికోడ్ ఫాంట్లు డెబియన్‌లో ముందే ఉన్నాయి కాబట్టి డిపెండెన్సీగా రాస్తే చాలు. విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఫాంటు కావాలంటే ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నది తీసుకుని, ఆ లైసెన్సు ఫైలుని కూడా పక్కనే పెట్టండి.

ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ మంచివే కానీ ఇంత చిన్న కన్వర్టర్ కోసం వందల ఎంబీల రన్‌టైం దిగాలి. హాట్‌స్పాట్ మీద బతికే షాపుకి అది బరువు. పెన్ డ్రైవ్‌లో ఒక్క ఫైలుగా ఇవ్వాలంటే యాప్‌ఇమేజ్ నయం. అయితే దాన్ని పాత డిస్ట్రో (లైనక్స్ రకం) మీద బిల్డ్ చేయాలి. కొత్త జీలిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) మీద కట్టింది పాతదాని మీద నడవదు.

సింగరాయకొండ_పిల్ల | సింగరాయకొండ

కావలి సార్, నేను బీటెక్ మూడో సంవత్సరం. ఈ కన్వర్టర్‌కి సాయం చేద్దామని కోడ్ తెచ్చుకున్నా. పైపీఐ దగ్గరే ఆగిపోతున్నా. సెటప్‌టూల్స్, హ్యాచ్, ఫ్లిట్, పొయెట్రీ, యూవీ అని ఒక్కో చోట ఒక్కోటి చెప్తున్నారు. ఏదో ఒకటి పట్టుకుని తర్వాత తప్పైతే మొత్తం మార్చాలా?

డెబియన్_కావలి

అక్కర్లేదమ్మా. ఇందులో రెండు పనులున్నాయి. కోడ్ ఫోల్డర్‌ని వీల్ ఫైలుగా (పైథాన్ ప్యాకేజీ) కట్టేది ఒకటి, దాన్ని బ్యాకెండ్ అంటారు. సెటప్‌టూల్స్, హ్యాచ్‌లింగ్, ఫ్లిట్‌కోర్ ఆ కోవలోవి. కట్టమని చెప్పేది, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకి విడి పైథాన్) తయారుచేసేది, పైపీఐకి ఎక్కించేది ఇంకోటి. యూవీ ప్రధానంగా అందుకే ఉంది. పొయెట్రీ రెండు పనులూ చేస్తుంది.

ఒకప్పుడు సెటప్ పై ఫైలే దిక్కు, అది నడిస్తే గానీ ప్యాకేజీ పేరు కూడా తెలిసేది కాదు. 2015లో పెప్ (పైథాన్ మార్పుల ప్రతిపాదన) 517, 2016లో పెప్ 518 రాసుకున్నాక ఏ బ్యాకెండ్ అయినా తగిలించుకునే వీలొచ్చింది. 2020లో వచ్చిన పెప్ 621తో పేరు, వెర్షన్, డిపెండెన్సీలు పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్లో అందరికీ ఒకే తీరుగా రాసే పద్ధతి కుదిరింది. ఆ ఫైలు ఆ పద్ధతిలో రాశావంటే, రేపు హ్యాచ్‌లింగ్ వదిలి సెటప్‌టూల్స్‌కి పోవాలన్నా మారేది కొద్ది లైన్లే. కాబట్టి ఎంపిక గురించి భయపడకు. నా మాట వింటే హ్యాచ్‌లింగ్, యూవీ పెట్టుకో. యూవీ 2024లో వచ్చింది, రస్ట్‌లో రాశారు, చాలా వేగం. కావాల్సిన పైథాన్ వెర్షన్‌ని కూడా అదే దించుకుంటుంది.

ఒంగోలుగిత్త

ఇక అసలు సంగతికి వద్దాం. "నేను లేకపోయినా ఇంకొకరు రిలీజ్ చేయాలి" అన్నావు. అంటే బిల్డ్ నీ ల్యాప్‌టాప్‌లో జరగకూడదు. పబ్లిక్ రిపోలకి (అందరూ చూడగల కోడ్ భాండారాలు) గిట్‌హబ్ యాక్షన్స్‌లో మామూలు రన్నర్లు (మన బదులు బిల్డ్ చేసే సిస్టాలు) ఉచితం. ఒక వర్క్‌ఫ్లో (పనుల వరస) ఫైలు రాస్తే ఇట్టా నడుస్తుంది:

ఎవరో ఒకరు ట్యాగ్ కొడతారు. ముందు లైనక్స్ రన్నర్ మీద టెస్టులు. అవి పాసైతేనే విండోస్ రన్నర్ లేచి పైథాన్ 3.8, 32 బిట్ తెచ్చుకుని పైఇన్‌స్టాలర్ నడుపుతుంది, ఆ ఫోల్డర్ మీద ఇన్నో సెటప్ నడుస్తుంది. పక్కనే ఇంకో రన్నర్ కొత్త పైథాన్‌తో 64 బిట్‌ది కడుతుంది. మూడోది వీల్ కడుతుంది. చివర్లో అన్నిటినీ ఒకచోట చేర్చి చెక్‌సమ్ ఫైలు రాసి డ్రాఫ్ట్ రిలీజ్‌గా పెడుతుంది. డ్రాఫ్ట్ అన్నది మరిచిపోకు. మనిషి ఒకసారి దించుకుని, నడిపి చూసి, 'పబ్లిష్' నొక్కాలి. పైపీఐలో ఒకసారి ఎక్కిన ఫైలు పేరు మళ్లీ వాడనివ్వరు, డిలీట్ చేసినా అంతే. అందుకే కొత్తగా మొదలుపెట్టినప్పుడు టెస్ట్ పైపీఐ మీద ప్రయత్నించు.

పైపీఐ టోకెన్ (ఎక్కించడానికి వాడే రహస్య తాళం) ఎక్కడా దాచుకోవద్దు. 2023 ఏప్రిల్ నుంచి ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది. ఫలానా రిపోలో ఫలానా వర్క్‌ఫ్లో నుంచి వస్తే నమ్ము అని పైపీఐలో ఒకసారి నమోదు చేస్తే, ప్రతి రిలీజ్‌కీ కాసేపే పనిచేసే టోకెన్ దానంతటదే పుడుతుంది.

మైపాడు_అల | నెల్లూరు

సెక్యూరిటీ పని చేస్తాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. రిలీజ్ టూల్ ఎంచుకోవడమంటే షాపులవాళ్ల సిస్టంలోకి ఎవరి కోడ్ పోవాలో ఎంచుకోవడమే.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (లైనక్స్‌లో ఫైళ్లు కుదించే టూల్) సంగతి గుర్తుందా? 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ కోడ్‌ని లేపే ముక్క గిట్‌లో (అందరికీ కనపడే కోడ్ చరిత్ర) లేదు, రిలీజ్‌గా పెట్టిన టార్ ఫైల్లోనే ఉంది. గిట్ చూసి బాగుంది అనుకున్నవాళ్లకి కనపడే వీలే లేదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సిస్టంలోకి వెళ్లే దారి) లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి బయటపడింది. అందుకే ఏ మనిషి ల్యాప్‌టాప్ నుంచీ ఫైలు రిలీజ్ పేజీకి ఎక్కకూడదు. ట్యాగ్ నుంచి అందరి కళ్లముందు బిల్డ్ అయిందే ఎక్కాలి. ఒంగోలన్న చెప్పిన పద్ధతికి నా ఓటు అందుకే.

అయితే ఆటోమేషన్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ వాళ్ల 'ఛేంజ్డ్ ఫైల్స్' అనే, చాలామంది వాడే ఒక యాక్షన్‌లో (వర్క్‌ఫ్లోలో పెట్టుకునే రెడీమేడ్ ముక్క) ఎవరో చొరబడి, పాత ట్యాగుల్లో చాలావాటిని తమ దొంగ కమిట్ (కోడ్ మార్పు) వైపు తిప్పేశారు. 23,000కు పైగా రిపోలు దాన్ని వాడుతున్నాయి. వర్క్‌ఫ్లోలో బయటివాళ్ల యాక్షన్ పెడితే ట్యాగ్ పేరు రాయకుండా పూర్తి కమిట్ హ్యాష్ (ఆ ఒక్క మార్పుకే చెందిన గుర్తు) రాయండి. అసలు ఎన్ని తక్కువ పెడితే అంత మంచిది. రెండు లైన్ల షెల్ కమాండుతో అయ్యే పనికి కూడా యాక్షన్ తెచ్చుకునే అలవాటు నాకు నచ్చదు.

నీలం డబ్బా గురించి. విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ ఫైలుకీ, దాని మీద డిజిటల్ సంతకం చేసినవాళ్లకీ ఉన్న పరపతి చూస్తుంది. సంతకం లేని కొత్త ఫైలుకి హెచ్చరిక వస్తుంది. కోడ్ సైనింగ్ సర్టిఫికెట్‌కి ఏటా డబ్బు కట్టాలి, 2023 జూన్ నుంచి ఆ కీని హార్డ్‌వేర్‌లోనే దాచాలన్న నిబంధన కూడా ఉంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా సంతకం చేసిస్తుంది. బిల్డ్ బహిరంగంగా, ఆటోమేటిక్‌గా జరిగితేనే ఒప్పుకుంటారు. అది వచ్చేదాకా తెలుగులో ఒక పేజీ పెట్టండి. సెర్ట్‌యూటిల్ కమాండుతో ఫైలు హ్యాష్ (చెక్‌సమ్) చూసుకుని, మన పేజీలోదానితో సరిపోతేనే 'రన్ ఎనీవే' నొక్కమని రాయండి. హ్యాష్ చూడకుండా నొక్కమని మాత్రం ఎవరికీ నేర్పొద్దు. యాంటీవైరస్ తీసేస్తే ఆ కంపెనీకి ఫైలు పంపి తప్పుడు అనుమానం అని తెలియజేయొచ్చు, దానికి వాళ్లు ఫారం పెడతారు.

చీమకుర్తి_గెలాక్సీ

ఒప్పుకుంటున్నా, గో మాట వెనక్కి తీసుకుంటా. కానీ వెర్షన్ నంబర్లూ, మార్పుల జాబితా చేత్తో రాయడం దేనికి? కమిట్ మెసేజీలు 'ఫిక్స్', 'ఫీట్' అని ఒక పద్ధతిలో రాస్తే సెమాంటిక్ రిలీజ్ అనే టూల్ చూసి నంబరు తనే పెంచుతుంది. రిలీజ్ ప్లీజ్ అయితే జాబితాతో పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలపండి అనే అభ్యర్థన) తెరిచి పెడుతుంది, మనం మెర్జ్ చేస్తే చాలు. గిట్ క్లిఫ్ కూడా ఉంది.

డెబియన్_కావలి

పదిమంది రోజూ కోడ్ రాసే చోట అది కావాల్సిందే. ఇక్కడ ఆ జాబితా చదివేది ఎవరు? డీటీపీ షాపాయన. "ఫిక్స్: నార్మలైజ్ సబ్‌జాయిన్డ్ రీఆర్డరింగ్" అని ఉంటే ఆయనకి ఏం ఉపయోగం?

ట్రంకురోడ్డు_డీటీపీ

నాకు "క్ష కింద మ ఒత్తు ఇప్పుడు సరిగ్గా పడుతుంది" అని రాస్తే చాలు. లక్ష్మీ అన్న పేరు లేని శుభలేఖ మా దగ్గర అరుదు. అది సరైందని తెలిస్తే వెంటనే ఎక్కించుకుంటా. లేకపోతే సీజన్ అయ్యాక చూద్దాంలే అనుకుంటా.

డెబియన్_కావలి

చూశారా. 'కీప్ ఎ ఛేంజ్‌లాగ్' పద్ధతిలో ఒక ఫైలు, తెలుగులో, చేత్తో. ప్రతి పుల్ రిక్వెస్ట్‌తోపాటు అందులో ఒక వాక్యం చేర్చాలని నియమం పెట్టండి. రిలీజ్ రోజు కూర్చుని గుర్తు తెచ్చుకునే పని ఉండదు.

సింగరాయకొండ_పిల్ల

అన్నా, గిట్ లాగ్ మొత్తం చదివా. ఒక సంగతి కనపడింది. మార్పుల్లో ఎక్కువ భాగం ప్రోగ్రామ్‌లో కాదు, ఒక్కో ఫాంటుకి ఉన్న పట్టికల్లోనే. ఉదాహరణకి 'భక్తులు' చూడండి. పాత ఫాంటులో ముందు 'కు' పడి, దాని కింద త ఒత్తు తర్వాత పడుతుంది. యూనికోడ్‌లో క, పొల్లు, త, ఆ తర్వాత కొమ్ము రావాలి. ఈ వరస తిప్పే కోడ్ చాలాకాలంగా మారలేదు. ఏ కీ దగ్గర ఏ ఒత్తు ఉందన్న పట్టికే ఫాంటు ఫాంటుకీ మారుతోంది. మరి ఒక్క పట్టికలో ఒక్క లైను మారితే షాపులన్నీ పెద్ద ఇన్‌స్టాలర్ మళ్లీ దించుకోవడం ఎందుకు? పట్టికల్ని విడిగా రిలీజ్ చేయలేమా?

ఒంగోలుగిత్త

ఈ చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే. పట్టిక అంటే ఉత్త టెక్స్ట్ ఫైలు. కొన్ని కేబీలు. వాట్సాప్‌లో పంపొచ్చు, యాంటీవైరస్‌కి అనుమానం రాదు, సంతకం గొడవ లేదు. ప్రోగ్రామ్‌కి సెమ్‌వర్ నంబరు (1.2.3 లాంటిది), పట్టికలకి తేదీ నంబరు పెట్టు. తెర మీద రెండూ చూపించు. డీటీపీ అన్న ఫోన్ చేసినప్పుడు ఆ రెండూ చదివితే ఎక్కడ తప్పుందో ఇట్టే తేలుతుంది.

ప్రతి పట్టిక పక్కనే ఒక పరీక్ష ఫైలు ఉండాలి. ఎడమవైపు పాత ఫాంటు కోడ్, కుడివైపు రావాల్సిన తెలుగు. షాపులవాళ్లు ఎత్తిచూపిన ప్రతి మాటా అందులోకి చేరాలి. అది పాసవకపోతే ట్యాగ్ కొట్టినా రిలీజ్ తయారవదు.

మైపాడు_అల

పట్టికలో కోడ్ నడిపే వీలు లేకుండా చూసుకోండి. జేసన్ గానీ టీఎస్‌వీ గానీ (ఉత్త డేటా ఫైళ్లు) పెట్టండి. పైథాన్ ఫైలుగానో, పికిల్‌గానో పెడితే వాట్సాప్‌లో ఎవరో మార్చి పంపిన పట్టిక నేరుగా ప్రోగ్రామై నడుస్తుంది.

పెన్నాగట్టు

అందరి మాటలూ పట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు రిపోలో ఉన్నది ఇదీ.

పట్టికలన్నీ టీఎస్‌వీలోకి మార్చా, విడి ఫోల్డర్, విడి ట్యాగులు. ప్రోగ్రామ్‌కి హ్యాచ్‌లింగ్, యూవీ. విండోస్‌కి పైఇన్‌స్టాలర్ ఫోల్డర్ పద్ధతి, పైన ఇన్నో సెటప్. తెర టికింటర్‌దే కాబట్టి విండోస్ 7 బాధ లేదు. పైపీఐకి ట్రస్టెడ్ పబ్లిషింగ్. వర్క్‌ఫ్లోలో బయటి యాక్షన్లు చాలా తగ్గించి, ఉన్నవాటికి హ్యాష్‌లు రాశా. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, న్యూట్కా, బ్రీఫ్‌కేస్ అన్నీ వదిలేశా. యాప్‌ఇమేజ్ ఎవరైనా అడిగితే చూద్దాం. సైన్‌పాత్‌కి దరఖాస్తు రాస్తున్నా, మైపాడక్కా ఒకసారి చూసిపెట్టండి.

రిలీజ్ ఎట్టా చేయాలో ఒక పేజీ తెలుగులో రాసి రిపోలో పెట్టా. ఈసారి ట్యాగ్ నేను కొట్టను. ఆ పేజీ చూసి సింగరాయకొండ అమ్మాయి కొట్టాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ పేజీలో ఏదో లోటుందని అర్థం.

సింగరాయకొండ_పిల్ల

కొట్టా అన్నా. టెస్టులు పాసై డ్రాఫ్ట్ వచ్చింది. ఒక్కచోట ఆగాను: వెర్షన్ నంబరు పైప్రాజెక్ట్ ఫైల్లోనూ, ఇన్నో స్క్రిప్టులోనూ రెండుచోట్ల మార్చమని పేజీలో ఉంది. ఒకటి మార్చి ఇంకోటి మరిచిపోయే ప్రమాదం ఉంది కదా. ట్యాగ్ నుంచే నంబరు తీసుకునేలా హ్యాచ్ వీసీఎస్ పెట్టి, అదే నంబరు ఇన్నోకి కమాండ్ లైన్లో అందేలా మార్చి పుల్ రిక్వెస్ట్ పంపా. ఇన్‌స్టాలర్‌లో వచ్చే మాటల్ని కూడా 'మెసేజెస్' విభాగంలో తెలుగు చేశా. 'నెక్స్ట్' బదులు 'తర్వాత' అని వస్తుంది.

ట్రంకురోడ్డు_డీటీపీ

డ్రాఫ్ట్ ఫైలు పెన్ డ్రైవ్‌లో తెచ్చి విండోస్ 7లో ఎక్కించా. పాస్‌వర్డ్ అడగలేదు. పాతది పోయింది, నంబర్లు రెండూ పైన కనపడుతున్నాయి. పోయిన ఏడాది గుడి కరపత్రం ఒకటి మార్చి చూశా. పేరాలు బాగా వచ్చాయి. 'జ్యోత్స్న' అన్నచోట మాత్రం స కింద న ఒత్తు రాలేదు. ఫైలు పెన్నాగట్టు అబ్బాయికి పంపా.

పెన్నాగట్టు

అందింది బాబాయ్. అది ఆ ఒక్క ఫాంటు పట్టికలో లేని కీ. ప్రోగ్రామ్ ముట్టుకోనక్కర్లేదు. పరీక్ష ఫైల్లో 'జ్యోత్స్న' చేర్చి ఇష్యూ తెరిచా. పట్టిక ట్యాగ్ ఈ రాత్రికి వస్తుంది, పొద్దున వాట్సాప్‌లో పంపుతా. కావలి సార్, మీ ల్యాబ్‌లో పైపీఎక్స్‌తో ఎక్కించి చూసి చెప్తే ప్రోగ్రామ్ డ్రాఫ్ట్‌ని పబ్లిష్ చేసేద్దాం.